సమాధుల తాడు

కాపెల్ గరెగ్
9 మార్చి 1958

ప్రభువునందు తమ్ముడైన, మరి ఏ విధంగానూ తమ్ముడు కాని ఎల్విన్‌కు,

నువ్వు ఉత్తరం రాసి ఏళ్లయింది. నేను రాసీ అంతే. ఇప్పుడు కూడా నీ క్షేమం కనుక్కుందామని రాయడం లేదు.

నిన్న మాంచెస్టర్ నుంచి మిస్ ఆల్డర్‌సన్ అనే ఆవిడ ఉత్తరం వచ్చింది. వాళ్ల కొండలెక్కే సంఘం వాళ్లు మన లోయలోని చరియల మీద పుస్తకం వేస్తున్నారట. ఏ దారిన ఎవరు మొట్టమొదట ఎక్కారో పేర్లతో సహా అచ్చు వేస్తారట. క్రైగ్ దూ చరియలో నడిమి పగులు గురించి నువ్వు రాసి పంపిన దానికి నకలు తీసి నాకు పంపింది. "ఇది నిజమేనా, దయచేసి తెలుపగలరు" అని అడిగింది. కొలిమి దగ్గర నిలబడి చదివాను. నిప్పుల్లో పడేయబోతే నీ వదిన నెస్తా చేతిలోంచి లాక్కుంది.

ఏం రాశావో నీకే చదివి వినిపిస్తాను. "1927 జూన్, ఆదివారం. ముందు ఎక్కినవాడు తుదుర్ రోలండ్స్, వెనక ఎల్విన్ రోలండ్స్. తాడు, మా చాపెల్‌లో శవపేటికలను గోతిలోకి దించే తాడు. మా నాన్న సమాధులు తవ్వేవాడు గనక అది మా ఇంట్లోనే, వంటింటి తలుపు వెనక వేలాడేది. ఆదివారం ఎవరినీ పూడ్చరు గనక ఆ రోజు ఖాళీ." ఆపైన ఆ దారికి పేరు కూడా పెట్టావు. సమాధుల తాడు. మొదట ఎక్కినవాళ్లకు పేరు పెట్టే హక్కు ఉంటుందని మిస్ ఆల్డర్‌సన్ మురిసిపోతూ రాసింది.

ఇది రాయడానికి నీ చెయ్యి వణకలేదా?

నేనెవరో మరిచిపోయి ఉంటావు. ఆరు రోజులు పలకల గనిలో కమ్మరిని. ఏడో రోజు ఈ లోయలో మూడు చాపెళ్లలో వాక్యం చెప్పేవాణ్ణి. కాలేజీ మెట్లెక్కి నేర్చుకోలేదు, మోకాళ్ల మీద నేర్చుకున్నాను. రెండేళ్లుగా ప్రతి ఆదివారం ఆరాధన కాగానే కొండదారి గేటు దగ్గర నిలబడుతున్నాను. పట్నం నుంచి బస్సుల్లో వచ్చి దిగుతారు, భుజాల మీద తాళ్లు, మూతులకి సిగరెట్లు. విశ్రాంతి దినాన్ని తొక్కుకుంటూ పోయే వాళ్లందరికీ రాబోయే ఉగ్రత గురించి చెబుతున్నాను. వాళ్లు నవ్వినా చెబుతున్నాను. అలాంటి నా పేరు "ఆదివారం" అనే మాట పక్కన అచ్చు కావాలా? ఆ పుస్తకం జేబులో పెట్టుకుని అదే గేటు దాటుతారు. మన చాపెల్‌లో సంఘ పెద్దల బల్ల మీద మొదటి చోట కూర్చునేది ఎవరో తెలుసుగా, కద్వాలదర్. మనం కొండెక్కిన మర్నాడు అదే తాడుతో దించింది ఎవరి పేటికనో గుర్తుందిగా? వాళ్ల అమ్మ పేటిక. తాడు ఎక్కడ ఒరుసుకుపోయిందో నాకొక్కడికే తెలిసి, ఆ చోటే చూస్తూ పక్కన నిలబడ్డాను.

ఈ పుస్తకం అచ్చయితే నన్ను మళ్లీ ప్రసంగ వేదిక ఎక్కనివ్వరు. నాకు మిగిలింది ఆ వేదిక ఒక్కటే. నా పేరు కొట్టేయమని ఆవిడకు వెంటనే రాయి.

నీ అన్న
తుదుర్

నీ భుజం ఎలా ఉందో అడగమని నెస్తా అంటోంది. ఎందుకో నాకు తెలియదు. అడిగాను.

•

డెర్బీ
16 మార్చి

గేటు దగ్గర అరుచుటకు అభిషేకం పొందిన అన్నయ్యగారికి,

నా చెయ్యి వణకలేదు. రైలు కార్ఖానాలో పొద్దస్తమానం లేత్ మిషన్ దగ్గర ఉండే చెయ్యి ఇది. వణికితే వేళ్లుండవు.

నీ పేరు కొట్టేయమని రాయను. ఎందుకో విను. 1935లో డాక్టర్ ఫెన్‌విక్ అనే ఆయన అదే పగులులో సుత్తితో ఇనుప గూటాలు దిగ్గొట్టుకుంటూ, వాటిని పట్టుకుని వేలాడుతూ పైకి చేరాడు. పైన నిలబడి ఫొటో తీయించుకుని, నేనే మొదటివాణ్ణి అన్నాడు. ఇన్నేళ్లూ అదే చెల్లుతోంది. నేను రాసింది చూసి ఆయన మండిపడ్డాడు. మిస్ ఆల్డర్‌సన్ సూటిగా అడిగింది: "మీరు వెనక ఎక్కినవారు. ముందు ఎక్కిన మీ అన్నగారు ఒప్పుకుంటే మీ పేర్లు వేస్తాను. లేకపోతే డాక్టర్‌గారి పేరే ఉంటుంది." ఇద్దరి నోట వస్తేనే సాక్ష్యమని మోషే చెప్పాడని నాకు చిన్నప్పుడు చెవి మెలేసి నేర్పింది నువ్వే.

నీకు వేదిక ఒక్కటే మిగిలింది అన్నావు. నాకు మిగిలిందేమిటో ఎప్పుడైనా ఆలోచించావా? పెళ్లి లేదు, పిల్లల్లేరు. ఇక్కడ పొద్దున్నే కూత వినగానే లోపలికి పోతాను, సాయంత్రం కూతకి బయటికొస్తాను. నా బతుకులో ఒక్కటే ఒక్క రోజు ఎవరూ చెయ్యనిది జరిగింది. దాన్ని ఒక డాక్టరు సుత్తి పెట్టి కొట్టేసుకుపోతుంటే చూస్తూ ఊరుకోమంటావా?

ఇంకొకటి కూడా విను, నీ కడుపు మండాలి. ఇప్పుడు కొండలెక్కేది నేనొక్కణ్ణే కాదు, ఇక్కడ మా జట్టంతా నేను చెప్పిన పద్ధతే పాటిస్తుంది. మనం వాగులో గులకరాళ్లు ఏరి జేబుల్లో పోసుకుని, పగుళ్లలో ఇరికించి, వాటి చుట్టూ తాడు వేసుకునేవాళ్లం కదా. ఇప్పుడు రాళ్ల బదులు పెద్ద పెద్ద నట్లు. లోపలి మరలు అరగదీసి నున్నగా చేస్తాను, లేకపోతే తాడును కోసేస్తాయి. తాడు గుచ్చి పగులులో జార్చితే పడేటప్పుడు పట్టేస్తుంది, వచ్చేటప్పుడు వేలితో తీస్తే వచ్చేస్తుంది. బండకు ఒక్క గాటు పడదు. సుత్తి ముట్టుకున్నవాణ్ణి మా జట్టులో ఉండనివ్వను. కుర్రాళ్లు అడుగుతారు, ఈ పట్టుదల ఎక్కడ నేర్చుకున్నావని. మా అన్న దగ్గర అంటాను. ఆ పగులుకు అడ్డంగా ఉన్న చూరు బండను ఏ ఆసరా లేకుండా దాటినవాడని చెబుతాను. గేటు దగ్గర తిట్టే ముసలాయనా, ఆయనా ఒక్కడేనని మాత్రం చెప్పలేదు. సిగ్గుపడి కాదు. చెబితే నమ్మరు.

ఆవిడకు "అవును" అని ఒక్క ముక్క రాయి.

ఎల్విన్

భుజం బాగానే ఉందని వదినకు చెప్పు.

•

కాపెల్ గరెగ్
30 మార్చి

ఎల్విన్‌కు,

నట్లకు తాడు గుచ్చి మెళ్లో వేసుకుని తిరుగుతున్నావన్నమాట. అహరోను కూడా ఇంటింటి పోగులు కరిగించి దూడను పోశాడు. నీది రైలు కార్ఖానా దూడ.

నీ జట్టు కుర్రాళ్లు పోయిన ఆదివారం వచ్చారు. మెడల్లో నట్లు గంటల్లా మోగుతున్నాయి. నేను నోవహు గురించి చెబుతుంటే వాళ్లలో పొడుగాటివాడు ఆగి, "పెద్దాయనా, నోవహు పడవకు తలుపు వేసింది ఆదివారమేనా?" అన్నాడు. "ఏ వారమైతేనేం, నీలాంటివాళ్లు బయటే ఉండిపోయారు" అన్నాను. అందరూ నవ్వారు, వాడితో సహా. ఆ నవ్వు నీదే. ఎవరి దగ్గర నేర్చుకున్నాడో నాకు తెలుసు.

ఎవరూ చెయ్యనిది చేశామంటున్నావు. మనం అంటున్నావు. ఎవరి ముందు చెప్పుకున్నా చెప్పుకో, నా దగ్గర అనకు. చూరు బండ దాటింది నేను. నిన్ను పైకి లాగింది నేను, పలకల మూటను లాగినట్టు, ఆ తాడు నా తొడ చుట్టూ చుట్టుకుని. సగం దారిలో నువ్వు చిన్నపిల్లాడిలా ఏడ్చావు. పైకి వచ్చాక ఒక్క మాట మాట్లాడలేదు. మర్నాడు గనికి రాలేదు, పేటిక దించేటప్పుడు తాడు కొస పట్టుకోవడానికీ రాలేదు. నెల తిరక్కుండా డెర్బీ బండెక్కావు. గనినీ చాపెల్‌నీ మన భాషనీ వదిలేసి పోయావు. ఎల్విన్ ఎందుకు పోయాడని ఎవరడిగినా, "కొండ చూసి జడుసుకున్నాడు" అని చెప్పాను. ఇప్పటికీ అదే చెబుతాను.

ఆవిడకు నేను ఏమీ రాయను. అవుననీ రాయను, కాదనీ రాయను.

తుదుర్

•

డెర్బీ
7 ఏప్రిల్

అన్నయ్యా,

జడుసుకున్నాడని చెప్పావా. మంచిది. అలాగే చెప్పుకో.

కానీ ఆ రోజు నువ్వు ఎలా ఎక్కావో నువ్వే మరిచిపోయినట్టున్నావు, అందుకని రాస్తున్నాను. ముందు రోజు కొలిమిలో నీ బూట్లకు నువ్వే మేకులు కొట్టుకున్నావు. బజారులో ఇచ్చే వరస నచ్చక, మడమ చుట్టూ దగ్గరదగ్గరగా, ముందు వేళ్ల కింద రెండంటే రెండు. "బండ అంచు మీద రెండు మేకులు నిలబడితే మనిషి నిలబడ్డట్టే" అన్నావు. వదిన, అప్పటికింకా నీకు భార్య కాదు, నాకు వదిన కాదు, పక్కింటి నెస్తా, మజ్జిగ సీసాలో పోసి ఇచ్చింది. కింద వాగులో రాళ్లు ఏరాం. బూడిదరంగు రాయి, నడుమ తెల్లటి చార ఉన్నది నీకు నచ్చింది. "ఇది చివర్లో" అని విడిగా జేబులో వేసుకున్నావు.

పగులు మొదలంతా తడి. నాచు గోళ్లతో పీకుతూ పోయావు. అరుగంత చోటు వచ్చాక నన్ను రమ్మన్నావు. పైన చూరు బండ. ఇంటి చూరులాగే ముందుకు వచ్చి ఉంది, కింద నిలబడితే ఆకాశం కనపడదు. తాడు బండ అంచుకు ఒరుసుకుంటోందని నా కోటు విప్పి అక్కడ మడతపెట్టాం. నువ్వు చాలాసేపు ఆగావు. ఆ తర్వాత నీ బూట్లు నా కళ్ల ముందు నుంచి పైకి పోయాయి, కనపడకుండా పోయాయి. కాసేపటికి పైనుంచి నీ గొంతు, కీర్తన అందుకున్నావు. లోయంతా మోగింది. కింద చాపెల్‌లో అప్పుడు వాళ్లు కూడా పాడుతున్నారు.

ఇనుము లేదు, సుత్తి లేదు. దానికి ఇప్పుడు నువ్వే సాక్ష్యం చెప్పనంటావు. పేతురు కూడా చలిమంట దగ్గర వెచ్చగా నిలబడే ఎరగనన్నాడు. నీ కొలిమి ఇంకా వెచ్చగా ఉంటుంది.

పుస్తకం చలికాలం లోపు అచ్చుకు వెళుతుంది. ఏమీ రాయకపోవడం కూడా రాయడమే.

ఎల్విన్

•

కాపెల్ గరెగ్
11 మే

ఎల్విన్‌కు,

కద్వాలదర్ నన్ను నిలబెట్టి అడిగాడు, మాంచెస్టర్ నుంచి నీకు ఉత్తరాలొస్తున్నాయట, ఏమిటి సంగతి అని. పోస్టు తెచ్చేవాడికి నోరు ఆగదు. అందుకని ఈ గొడవ తెంపేశాను. మిస్ ఆల్డర్‌సన్‌కు ఒక్క వాక్యం రాశాను: "ఈ విషయంలో నేను సాక్ష్యం చెప్పవలసినది ఏమీ లేదు." అది అబద్ధం కాదు. చెప్పవలసినది అన్నాను, చెప్పగలిగినది అనలేదు.

ఇక నువ్వూ నీ నట్లూ.

తుదుర్

•

డెర్బీ
19 మే

ఆవిడ నాకు రాసింది. మీ అన్నగారు బలపరచలేదు గనక డాక్టర్ ఫెన్‌విక్ పేరు వేస్తున్నాను, విచారిస్తున్నాను అని. "మీకు జ్ఞాపకం పొరబడి ఉండవచ్చు" అని కూడా మర్యాదగా రాసింది.

చెప్పవలసినది, చెప్పగలిగినది. తేనె పూసి కోశావు. ఏదెను తోటలో పాము కూడా ఇంత జాగ్రత్తగా మాట్లాడలేదు.

నాలుగు రోజుల కిందట జట్టులో పొడుగాటివాడు అడిగాడు, "గురూ, మరి మీ అన్న కథ?" అని. నేను నట్టు అరగదీస్తూ కూర్చున్నాను. తలెత్తలేదు. వాడు వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

నువ్వు నన్ను పిరికివాడన్నావు, భరించాను. ఇప్పుడు అబద్ధాలకోరును చేశావు.

ఇక ఉత్తరం రాయకు. వచ్చినా విప్పను.

•

కాపెల్ గరెగ్
6 జులై

ఎల్విన్‌కు,

విప్పనన్నావు. విప్పుతావు. తిట్లు ఉంటాయని తెలిస్తే విప్పకుండా ఉండలేవు, చిన్నప్పటి నుంచీ అంతే.

ఇవాళ గేటు దగ్గర జరిగింది రాస్తాను. నేను మాట్లాడుతున్నాను, ఒక ఇరవై మంది దాకా పట్నం కుర్రాళ్లు గోడ మీద కూర్చుని రొట్టెలు తింటూ వింటున్నారు. వినడం లేదు, తింటున్నారు. ఒక నల్ల కారు వచ్చి ఆగింది. అందులోంచి దొర ఒకాయన దిగి, టోపీ తీసి, నేరుగా నా దగ్గరకు వచ్చి చెయ్యి చాచాడు.

"రోలండ్స్ గారు మీరేనా? నేను డాక్టర్ ఫెన్‌విక్‌ని. మీకు ధన్యవాదాలు చెప్పుకుందామని వచ్చాను."

"దేనికి?"

"మీ తమ్ముడి కట్టుకథను బలపరచనందుకు. సొంత తమ్ముడైనా సరే సత్యం వైపు నిలబడ్డారు. నిజాయితీ అంటే అది. పాపం ఆయన్నీ అనకూడదు లెండి, కార్ఖానాలో పనిచేసే మనిషి, ఏదో ఒక గొప్ప చెప్పుకోవాలని ఉంటుంది."

నేను నిన్ను నానా మాటలూ అన్నాను. ఇంకా అంటాను. అది నాకూ నీకూ మన అమ్మ ఇచ్చిన హక్కు. ఈయనకు ఎవరిచ్చారు?

నేను చెయ్యి కలపలేదు. ఆయన గమనించకుండా నవ్వుతూనే ఉన్నాడు. "ఒక తమాషా చెప్పనా? నేను ఎక్కినప్పుడు ఆ చూరు బండకు పైన పగులులో ఒక గులకరాయి ఇరుక్కుని ఉంది, దానికి కుళ్లిపోయిన తాడు పీలిక. ఎవరో గొర్రెల కాపరి పని. పీకి తెచ్చుకున్నాను. ఇప్పటికీ నా బల్ల మీద కాగితాలు ఎగరకుండా పెట్టుకుంటాను."

"చూరు బండ పైకి గొర్రెల కాపరి ఎందుకొస్తాడు?" అన్నాను.

"గొర్రె తప్పిపోయి ఉంటుంది."

"తొంభై తొమ్మిదింటిని వదిలి ఒక్కదాని కోసం వెళ్లిన కాపరి కూడా అక్కడికి ఎక్కడు, డాక్టరుగారూ. ఆ రాయి బూడిదరంగా?"

"అవును."

"నడుమ తెల్లటి చార ఉందా?"

ఆయన నవ్వు ఆగింది. గోడ మీద కుర్రాళ్లు తినడం ఆపారు. "మీకెలా తెలుసు?" అన్నాడు, గొంతు చాలా తగ్గించి.

"మా ఇంటి వెనక వాగులోది. నా జేబులో ఎక్కింది. నా చేత్తో ఇరికించాను. ఆ పీలిక మా చాపెల్ తాడుది."

ఆయన టోపీ పెట్టుకున్నాడు. కారు దాకా నడిచి, తలుపు తీసి, "దాన్ని ఎవరికీ నిరూపించలేరు మీరు" అని ఎక్కి వెళ్లిపోయాడు. అది మాత్రం సత్యమే చెప్పాడు. రాయి ఆయన బల్ల మీద ఉంది.

గోడ మీద నుంచి పొడుగాటివాడు దిగి వచ్చాడు. నీ దగ్గరకు రావడం మానేశాడన్నావే, వాడే. "తుదుర్ రోలండ్స్ అంటే మీరేనా?" అన్నాడు. "నేనే" అన్నాను. "మీరు ఎక్కింది ఆదివారమేనా?" "ఆదివారమే." "మరి మమ్మల్నెందుకు తిడుతున్నారు?" "మీరూ ఆదివారమే ఎక్కుతున్నారు గనక" అన్నాను. వాడు నవ్వలేదు. నవ్వితే బాగుండేది.

ఇంటికి వచ్చి మిస్ ఆల్డర్‌సన్‌కు రాశాను. మొత్తం రాశాను. జూన్, ఆదివారం, సమాధుల తాడు, గులకరాయి, నా పేరు. ఒక నకలు కద్వాలదర్ ఇంటి తలుపు కింద నుంచి తోశాను. నా వేదిక పోయినట్టే.

కానీ నేనొక్కణ్ణే కింద పడతాననుకున్నావా? సంసోను స్తంభాలు పట్టుకుని వంగినప్పుడు తన మీద మాత్రమే పడాలని వంగలేదు. నువ్వు రాసిన దానిలో ఒక ముక్క లేదు, నేను చేర్చాను. "నువ్వు చాలాసేపు ఆగావు, ఆ తర్వాత నీ బూట్లు పైకి పోయాయి." ఆ రెంటికీ నడుమ ఏం జరిగింది, ఎల్విన్? ఆ బూట్లు దేని మీద నుంచి పైకి పోయాయి? కోటు విప్పి వట్టి చొక్కాతో నిలబడ్డ నీ భుజం మీద నుంచి. అప్పట్లో అది తప్పు కాదు, అందరూ అలాగే ఎక్కేవాళ్లు. ఇప్పుడు మీ కొత్త మతంలో అది గూటం కొట్టినట్టేనట, పొడుగాటివాడు చెప్పాడు. మరొకరిని తొక్కి ఎక్కితే అది ఎక్కడం కాదట. అందుకే దాచావు. డాక్టరు ఇనుప గూటాన్ని ఊరూరా తిట్టినవాడివి, ఆ రోజు నాకు గూటానివి నువ్వే. ఏ ఆసరా లేదని కుర్రాళ్లకు బోధించావు. నన్ను ఏదెను పాముతో పోల్చావు. ఇప్పుడు మనిద్దరం ఒకే బల్ల మీద కూర్చున్నాం.

తృప్తిగా ఉందా?

తుదుర్

•

డెర్బీ
20 జులై

అన్నయ్యా,

విప్పాను.

మిస్ ఆల్డర్‌సన్ నీ ఉత్తరం పట్టుకుని రైల్లో నేరుగా నా గదికే వచ్చింది. చిన్న మనిషి, పెద్ద బూట్లు. టీ ఇస్తే తాగలేదు. "మీ అన్నగారు మీ భుజం మీద నిలబడ్డానని రాశారు. డాక్టర్‌గారు నిరూపించమంటున్నారు. ఏమైనా ఉందా?" అంది. కప్పు మళ్లీ ఆవిడ వైపు జరిపాను. "మిస్టర్ రోలండ్స్, నేను మాటలు నమ్మి పుస్తకాలు వేసే మనిషిని కాను" అంది. నువ్వయితే ఆవిణ్ణి తోమా అనేవాడివి. మేకుల గుర్తు చూస్తే గానీ నమ్మని మనిషి.

చొక్కా విప్పాను.

నీ బూటుకు నువ్వు కొట్టుకున్న మేకుల వరస నా భుజం మీద మచ్చలుగా అలాగే ఉంది, మడమ చుట్టూ దగ్గరదగ్గరగా, ముందు రెండంటే రెండు. ఆవిడ కాగితం పెట్టి గీసుకుంది. ఆ తర్వాత వేలితో పైకి పోయి, మెడ పక్క ఎముక దగ్గర ఆగింది. "ఇదేమిటి?" అంది. "వంకరగా అతుక్కుంది" అన్నాను.

నువ్వు ఎగిరావు, అన్నయ్యా. నిలబడలేదు, ఎగిరావు. చూరు బండ అందక చివరికి నా భుజాన్ని తన్ని పైకి ఎగిరావు. నీకు పట్టు దొరికింది. నాకు ఎముక విరిగింది. చప్పుడు నాకు వినపడింది. నీకు వినపడలేదు, అప్పటికే పాట అందుకున్నావు. ఆ తర్వాత నువ్వు తాడు లాగావు, పలకల మూటను లాగినట్టు. ఆ తాడు నా చంకల కింద నుంచే ఉంది. అవును, ఏడ్చాను.

పైకి వచ్చేసరికి నీ ముఖం ఎలా ఉందో నీకు తెలియదు. నేను చూశాను. మోషే కొండ మీద నుంచి దిగినప్పటి ముఖం గురించి చెబుతావే, అది. ఆ ముఖానికి చెప్పలేకపోయాను. తర్వాత ఎప్పుడైనా చెప్పవచ్చు అనుకున్నాను. ఆ సాయంత్రం నెస్తా కట్టు కట్టింది. నీకు చెప్పనని ఒట్టు వేయించుకున్నాను. మర్నాడు పేటిక తాడు పట్టడానికి రాలేకపోయాను. గని చరియ మీద తాడుకు వేలాడి పలక చీల్చే పనికి రెండు భుజాలు కావాలి. ఒకే భుజంతో లేత్ మిషన్ తిప్పవచ్చు. అందుకని డెర్బీ.

నా భుజం సంగతి రాయకపోవడానికి మా జట్టు నియమం ఒక కారణం, నిజమే, నీకు దొరికిపోయాను. రెండోది చెబుతాను, నవ్వుకో. మన ఇంట్లో తాత నుంచీ అందరూ ఎవరో ఒకరి కింద పనిచేసి పోయినవాళ్లే. ఒక్కడు, ఒక్కసారి, ఎవరి సాయమూ లేకుండా పైకి పోయాడని ఉండాలనుకున్నాను. అది నువ్వయితే నాకు అభ్యంతరం లేకపోయింది.

ఇప్పుడు అదీ లేకుండా చేశావు. వేదిక పోతే పోయింది, నీ నోరు ఎటూ పోదు.

ఎల్విన్

•

కాపెల్ గరెగ్
14 సెప్టెంబర్

తమ్ముడూ,

నీ ఉత్తరం వచ్చి ఎనిమిది వారాలు. మాట దొరక్క ఆగాను. నాకు మాట దొరకకపోవడం ఏమిటని నవ్వకు.

చదివి నెస్తా ముందు పెట్టాను. కూరకు దుంపలు చెక్కు తీస్తోంది. కళ్లజోడు పెట్టుకుని చదివి, మళ్లీ దుంప అందుకుంది. "నీకు తెలుసా?" అన్నాను. "కట్టు కట్టింది నేనేగా" అంది. "నాకెందుకు చెప్పలేదు?" "ఒట్టు వేశాను. చెప్పనని వేశాను, నువ్వు అడిగినా చెప్పనని వేయలేదు. ఇన్నేళ్లలో వాడు ఎందుకు వెళ్లిపోయాడని అందరికీ నువ్వే చెప్పావు గానీ, ఎవరినైనా అడిగావా?" అంది. ఆ పూట నేను తినలేదు. ఆవిడ కూడా బలవంతం చేయలేదు.

సంఘ పెద్దలు నన్ను పిలిచారు. కద్వాలదర్ నా ఉత్తరం అందరికీ చదివి వినిపించాడు, చివర్లో కళ్లజోడు తీసి, బల్ల మీద తెచ్చి పెట్టిన చాపెల్ తాడు మీద చెయ్యి వేశాడు.

"ఇదే తాడా, మా అమ్మను దించింది?"

"ఇదే."

"ముందు రోజు నువ్వు దీనికి వేలాడావు."

"నేనూ, మా తమ్ముడూ."

తాడును రెండు చేతులా లాగి చూశాడు. తర్వాత అన్నాడు, "మా అమ్మ నీకంటే బరువైన మనిషి. మంచి తాడే అది." మూల కూర్చున్నవాడెవడో దగ్గాడు. నవ్వు దాచుకున్నాడో, దగ్గే వచ్చిందో తెలియదు. అంతా అయ్యాక నన్ను వేదిక మీద నుంచి తొలగించారు. ఏడాది దాకా అన్నారు. నాకు ఇప్పటికే వయసు మీద పడింది, ఏడాది తర్వాత పిలుస్తారని నేననుకోను. తొలగించింది ఆదివారానికి కాదు, తాడుకు కాదు. ఆ మే నెల ఉత్తరానికి, "చెప్పవలసినది ఏమీ లేదు" అన్నదానికి. కద్వాలదర్ నన్ను పట్టుకున్న చోటు సరైనదే. వాదించలేదు.

ఇప్పుడు ఆదివారం వెనక బల్ల మీద, పొడుగు కిటికీ పక్కన కూర్చుంటున్నాను. అక్కడి నుంచి క్రైగ్ దూ కనపడుతుంది. వేదిక మీద నుంచి కనపడేది కాదు, వెన్ను దానివైపు ఉండేది.

గేటు దగ్గరకు మాత్రం వెళుతున్నాను. వాక్యం చెప్పడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కానీ వాళ్లిప్పుడు గోడ దిగి వచ్చి బూటు మేకుల గురించి అడుగుతున్నారు. వాళ్ల రబ్బరు అడుగుల మీద నాకు నమ్మకం లేదని చెప్పాను. పొడుగాటివాడు నీ నట్టు ఒకటి చేతిలో పెట్టాడు. కొలిమికి తీసుకెళ్లి చూశాను. లోపల నున్నగానే తీశావు, అంచులు మాత్రం వదిలేశావు. చూరు బండలాంటి చోట తాడు అంచు మీద మడత పడి కోసుకుపోతుంది. ఆకురాయి పెట్టి అంచులు గుండ్రం చేసి వాడికి తిరిగి ఇచ్చాను. నీ దగ్గరకు వెళ్లి చూపించమన్నాను. వస్తాడు. వచ్చినప్పుడు తలెత్తి మాట్లాడు.

మిస్ ఆల్డర్‌సన్ అచ్చుప్రతి పంపింది. "మొదట ఎక్కినవారు: రోలండ్స్ సోదరులు, ఒకరి భుజం మీద ఒకరు నిలబడి." ఎవరి భుజమో వేయలేదు. నీ పేరు పెట్టి వేయమని రాశాను. దారి పేరు మార్చమని రాద్దామని కలం పట్టి ఊరుకున్నాను. అది నువ్వు పెట్టిన పేరు, నీకే ఉంది ఆ హక్కు.

నువ్వు జడుసుకున్నావని చెప్పినవాళ్లందరి ఇళ్లకూ వెళుతున్నాను. సగం మంది సమాధుల్లో ఉన్నారు. అక్కడికీ వెళుతున్నాను.

నిన్ను క్షమాపణ అడగడం లేదు. ఉత్తరంలో అడిగేది కాదది. నువ్వు కూడా ఇన్నేళ్లు నోరు మూసుకుని నన్ను ఇలా ఊరంతా తిరిగేలా చేశావు, దానికి నీ మీద నాకు ఇంకా కోపమే.

గనికి వచ్చే నెల మొదటి వారం సెలవు. రా. ఆదివారం కాదు, మంగళవారం రా. తాడు నువ్వే తెచ్చుకో, చాపెల్ తాడు ఇప్పుడు కద్వాలదర్ ఇంట్లో తాళం వేసి ఉంది. చూరు బండ దాకా నువ్వు ముందు వెళ్లు, నీ నట్లతో, ఒక్క భుజంతో ఎంత దూరం పోగలవో అంత. ఆ అరుగు మీద నేను కింద నిలబడతాను. కోటు విప్పే నిలబడతాను.

మేకుల బూట్లు వేసుకునే రా.

నీ అన్న
తుదుర్